శరణు కోరి వచ్చిన వారికి మనం ఏమివ్వాలి?



ఈ తొమ్మిది రోజులూ అమ్మవారిని రోజుకొక అలంకారంలో చూసుకుని మురిసిపోతున్నాం. ఒకరోజు బాలా త్రిపురసుందరి, ఒకరోజు అన్నపూర్ణ, ఒకరోజు మహిషాసురమర్దని. వంటశాలలో పులిహోర కలిపే చేతులకు తీరిక లేదు. బొమ్మల కొలువు పేరంటాలకు పిలుపులు, పిల్లల కోలాటం రిహార్సల్సు, పార్కింగులో చోటు దొరకక రెండు వీధుల అవతల కార్లు. ఇంత సందడిలో ఈ విషయం ఎందుకని కొందరు నొచ్చుకోవచ్చు. మా కమిటీలోనే ఒకరిద్దరు అన్నారు, "పండగ సంచికలో ఇదెందుకండీ, వచ్చే సంచికలో చూద్దాం" అని. వచ్చే సంచిక దీపావళిది. దాని తరువాతది సంక్రాంతిది. మన పత్రిక వెలువడేదే పండగలకు కాబట్టి ఈ లెక్కన ఎప్పటికీ వేయలేం. పైగా మరో సంగతి ఉంది. ఇంట్లో భయపడుతూ బ్రతుకుతున్న అమ్మాయిని భర్త నలుగురిలోకి తీసుకువచ్చే చోటు ఏదైనా ఉందంటే అది చాలాసార్లు గుడే, అదీ పండగ రోజునే. ఈ వ్యాసం ఎవరికోసం వ్రాస్తున్నామో ఆ మనిషి ఇవాళ మన మధ్యే ప్రసాదం వరుసలో నిలబడి ఉండవచ్చు.

ముందుగా మా తప్పు చెప్పుకుంటాం.

కొన్నేళ్ళ క్రిందట వరలక్ష్మీ వ్రతం రోజున జరిగిన సంగతి ఇది. ఆ అమ్మాయి అనుమతితోనే వ్రాస్తున్నాం. ఆనవాలు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాం. వ్రతం అయింది, తాంబూలాలు అయ్యాయి, అందరూ వెళ్ళిపోతున్నారు. ఆ అమ్మాయి మాత్రం వంటశాలలో కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ ఉండిపోయింది. బయట కారులో భర్త, చంటిబిడ్డ. మాలో ఒకావిడ "ఇక చాల్లేమ్మా, బాబు ఏడుస్తాడు" అన్నారు. ఆ అమ్మాయి చేతులు తుడుచుకుని హ్యాండ్‌బ్యాగులోంచి ఒక కవరు తీసి, "ఆంటీ, ఇది మీ ఇంట్లో దాచిపెడతారా? నేను అడిగినప్పుడు ఇద్దురుగాని" అంది. అందులో ఆమె పాస్‌పోర్టు, పిల్లవాడి జనన ధ్రువపత్రం ఉన్నాయి. ఎందుకమ్మా అంటే ఒక్క మాటే చెప్పింది. "ఇంట్లో ఉంటే చింపేస్తానంటున్నారు."

ఆ రాత్రికే కమిటీలో నలుగురికీ తెలిసింది. ఎవరూ ఆ అమ్మాయిని తప్పు పట్టలేదు. అందరమూ బాధపడ్డాం. బాధపడి, మన పెద్దలు ఎప్పుడూ చేసేదే చేద్దామనుకున్నాం. తరువాతి ఆదివారం మాలో ముగ్గురు ప్రసాదం పట్టుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళారు. అతను ఎంతో మర్యాదగా కాఫీ ఇచ్చాడు. "చిన్న చిన్న మాటపట్టింపులు సార్, ఏ ఇంట్లో లేవు చెప్పండి" అన్నాడు. ఆ అమ్మాయి సోఫా చివర కూర్చుని అన్నింటికీ తల ఊపింది. సత్యభామ అలక దగ్గరనుంచి సొంత సంసారాల దాకా మావాళ్ళు చమత్కారాలు చెప్పారు, అందరూ నవ్వారు. లేచేముందు, గొడవ సర్దుకుందన్న సంతోషంలో, మాలో ఒక పెద్దాయన ఆ కవరు తీసి అతని చేతిలో పెట్టారు. "అమ్మాయి ఏదో కంగారులో ఇచ్చింది బాబూ, జాగ్రత్త చెయ్యి" అన్నారు. తిరిగి వస్తూ కారులో, ఒక కాపురం నిలబెట్టామని చెప్పుకున్నాం.

పదకొండు నెలలు ఆ అమ్మాయి గుడిలో కనిపించలేదు. హాయిగా ఉండి ఉంటారు అనుకున్నాం.

తరువాత తెలిసింది. ఆమె బయటపడింది మా వల్ల కాదు. పిల్లవాడికి టీకాలు వేయించడానికి వెళ్ళినప్పుడు నర్సు ఆమెను ఒంటరిగా పక్క గదిలోకి పిలిచి, "ఇంట్లో నీకు భయంగా ఉంటుందా?" అని అడిగిందట. మా ముగ్గురు పెద్దలు గంటన్నర కూర్చుని అడగని ప్రశ్న అది. ఆ నర్సు ఒక ఫోను నంబరు చెప్పింది, అక్కడినుంచే ఫోను చేసుకోనిచ్చింది. మరుసటి సంవత్సరం పిల్లవాడి పుట్టినరోజుకు అభిషేకం చేయించడానికి ఆ అమ్మాయి తనంతట తానే గుడికి వచ్చింది. మమ్మల్ని నిలదీయడానికి రాలేదు. కవరు తీసుకున్న ఆవిడే ఏడుస్తూ ఆమె చేతులు పట్టుకున్నారు. అప్పుడంది: "మీరు నన్ను నమ్మలేదని నేను అనుకోలేదు ఆంటీ. నమ్మారు. నమ్మి కూడా ఇచ్చేశారు."

ఆ మాట మమ్మల్ని ఇప్పటికీ వదలలేదు. మా ఉద్దేశం చెడ్డది కాదు. మరి ఎక్కడ పొరబాటు జరిగింది?

కాపురం నిలబెట్టడం పుణ్యకార్యమని మనం పుట్టినప్పటినుంచీ వింటున్నాం. అది అబద్ధమని మేము అనం. ఆలుమగలు మాటామాటా అనుకుని ఎడమొహం పెడమొహం అయినప్పుడు ఒక పెద్దమనిషి కల్పించుకుని కలిపితే అది మంచి పనే. కాని కలహం వేరు, హింస వేరు. కలహంలో ఇద్దరూ కోపంగా ఉంటారు, ఇద్దరూ మాట్లాడతారు. హింస ఉన్న ఇంట్లో ఒకరు మాట్లాడతారు, రెండోవారు మాట్లాడేముందు మొదటివారి ముఖం చూస్తారు. చెయ్యి చేసుకోవడం ఒక్కటే హింస కాదు. జీతం మొత్తం లాక్కోవడం, ఫోనులో ఎవరితో మాట్లాడిందో లెక్క చూడడం, పుట్టింటివారితో మాట్లాడనివ్వకపోవడం, కారు తాళం దాచడం, "నీ వీసా నా చేతిలో ఉంది" అని గుర్తుచేస్తూ ఉండడం కూడా అందులో భాగాలే. మన న్యూజెర్సీ రాష్ట్రం 2024లో ఈ విషయాన్ని చట్టంలోకి తెచ్చింది. రక్షణ ఉత్తర్వు ఇచ్చేటప్పుడు ఇలా అదుపులో పెట్టుకునే ప్రవర్తనను కూడా న్యాయమూర్తి పరిగణించాలని చెప్పింది.

మన ఊళ్ళలో పెద్దమనుషుల రాజీ ఎందుకో కొంత పనిచేసేది. పిల్ల అన్నదమ్ములు నాలుగు వీధుల అవతలే ఉండేవారు. గోడ అవతల పొరుగింటివారికి అరుపులు వినిపించేవి. రాజీ తరువాత ఆ ఇంటి మీద పది కళ్ళు ఉండేవి. అక్కడా నూతిలో దూకిన ఆడవాళ్ళు లేకపోలేదు, ఆ సంగతి మనకూ తెలుసు. కాని ఇక్కడ ఆ పది కళ్ళు కూడా లేవు. గరాజు తలుపు క్రిందికి దిగాక లోపల ఏం జరిగినా వీధిలోకి వినిపించదు. రాజీ ఒక్కటే విమానమెక్కి మనతో వచ్చింది, దాని వెనక ఉండవలసిన కాపలా అక్కడే ఉండిపోయింది.

శిబి చక్రవర్తి కథ మన బాలవిహార్ పిల్లలకు కూడా తెలుసు. డేగ తరుముతుంటే పావురం వచ్చి ఆయన ఒడిలో వాలింది. డేగ వచ్చి, అది నా ఆహారం, నాకు ఆకలిగా ఉంది అంది. డేగ మాటలో అబద్ధం లేదు. దాని పక్షాన కూడా ఒక ధర్మం ఉంది. శిబి ఆ వాదన ఓపికగా విన్నాడు కూడా. అయితే, "నువ్వు కొంత సర్దుకో, అది కొంత సర్దుకుంటుంది" అని పావురం రెక్క ఒకటి కోసి డేగకు ఇవ్వలేదు. త్రాసు తెప్పించి తన తొడ మాంసం కోసి పెట్టాడు. ఈ కథను మనం త్యాగానికి ఉదాహరణగా చెప్పుకుంటాం. రాజీ ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న కూడా ఇందులో ఉందని మాకు ఆ అమ్మాయి మాట విన్నాకగాని తోచలేదు. మేము చేసిన రాజీలో మా వాటా ఎంత? ఒక ఆదివారం మధ్యాహ్నం, ఒక ప్రసాదం డబ్బా. మిగతా బరువంతా ఆమె ఒంటినుంచే తూచి ఇచ్చాం.

"మేము ఇద్దరికీ కావలసినవాళ్ళమండీ, ఎవరి పక్షమూ వహించం" అని చాలామంది అంటారు. మేమూ అన్నాం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని కౌరవ సభలో ద్రౌపది ప్రశ్న అడిగినప్పుడు భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైనదని తల దించుకున్నాడు. కుర్రవాడైన వికర్ణుడు లేచి మాట్లాడితే కర్ణుడు నోరు మూయించాడు. అప్పుడు విదురుడు సభకు ఒక పాతకథ గుర్తుచేశాడు. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడికీ, సుధన్వుడికీ ఎవరు గొప్ప అన్న వివాదం వచ్చి, తీర్పు ప్రహ్లాదుణ్ణే అడిగారు. కొడుకు ప్రాణం పణంగా ఉంది. ఆయన కశ్యపుణ్ణి సలహా అడిగితే కశ్యపుడు ఒక లెక్క చెప్పాడు. నిందించవలసిన పనిని సభ నిందించకపోతే, ఆ పాపంలో సగం సభాపతికి, పావు చేసినవాడికి, మిగిలిన పావు ఊరుకున్న సభ్యులకు చెందుతుందట. చేసినవాడి వాటా పావు మాత్రమే! మా కమిటీలో ఈ లెక్క చదివినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ప్రహ్లాదుడు కొడుక్కి వ్యతిరేకంగానే తీర్పు చెప్పాడు. కొడుకుల తల్లిదండ్రులు ఈ భాగాన్ని మరోసారి చదువుకోవాలని మనవి.

మనకో సామెత ఉంది, "మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చింది" అని. నవ్వుతూ వాడేస్తాం, ఎక్కువగా ఆఫీసు కబుర్లలో. అందులో దెబ్బ గురించి ఎవరికీ ఆశ్చర్యం లేదు. అది ఉండనే ఉంటుందన్నట్టు చెప్పి ముందుకు సాగిపోతుంది. ఇక్కడ మన నవ్వు రూపం మారింది, అంతే. పాట్‌లక్కులో గుసగుస, వాట్సాప్ గ్రూపులో ఒక సగం మాట. ఆ అమ్మాయి పదకొండు నెలలు నోరు విప్పకపోవడానికి భర్త మీద భయం ఎంత కారణమో, తన మాట మా గ్రూపుల్లో తిరుగుతుందన్న భయం కూడా అంతే కారణమని ఆమే చెప్పింది.

ఇక మనకు తెలిసి ఉండవలసిన విషయాలు. ఇవి తెలియకపోవడం వల్లనే మేము ఆ ఆదివారం ప్రసాదం డబ్బాతో బయలుదేరాం.

అమెరికాలో దక్షిణాసియా స్త్రీల మీద జరిగే హింస గురించి పనిచేయడానికి పుట్టిన మొదటి సంస్థ "మానవి". అది 1985లో మన న్యూజెర్సీలోనే మొదలైంది. ఆ తరువాత 1989లో న్యూయార్కులో "సఖి", షికాగోలో "అప్నా ఘర్", 1991లో కాలిఫోర్నియా బే ఏరియాలో "మైత్రి", 1996లో హ్యూస్టన్‌లో "దయ" వచ్చాయి. ఇవి మనవంటి కుటుంబాల ఆడవాళ్ళు, మన ఇళ్ళ సంగతి తెలిసినవాళ్ళు పెట్టినవి. అత్తగారు అంటే ఏమిటో, ఆడపడుచు ఫోను అంటే ఏమిటో, పెళ్ళికి పెట్టిన బంగారం ఎవరి లాకరులో ఉంటుందో అక్కడ మొదటినుంచీ వివరించి చెప్పుకోనక్కరలేదు. ఇవి కాక న్యూజెర్సీలోని 21 కౌంటీలలోనూ ఈ సేవలు అందించే కేంద్రాలు ఉన్నాయి. మిడిల్‌సెక్స్ కౌంటీలో "విమెన్ అవేర్", మెర్సర్ కౌంటీలో "వుమన్‌స్పేస్" అలాంటివే. రాష్ట్రమంతటికీ 24 గంటలూ పలికే నంబరు 1-800-572-7233. దేశమంతటికీ 1-800-799-7233. దేశవ్యాప్త నంబరుకు చేసినప్పుడు "తెలుగు" అని చెబితే దుబాసీని లైనులోకి తెస్తారు.

ఫోను చేస్తే ఏమవుతుందో తెలియక చాలామంది చేయరు. ఎత్తినవారు పేరు చెప్పి తీరాలని పట్టుబట్టరు. ఇల్లు విడిచి వచ్చెయ్యమని కూడా చెప్పరు. ఇవాళ రాత్రి క్షేమంగా ఉన్నావా అని అడుగుతారు. పిల్లలు, మందులు, కాగితాలు, డబ్బు, ఎవరి ఇంటికి వెళ్ళగలవు, ఏ గదిలో తలుపుకు గడియ ఉంది, ఇలాంటివి ఒక్కొక్కటే కూడా కూర్చుని ఆలోచిస్తారు. తలదాచుకునే చోటు కావాలంటే చూస్తారు, దాని చిరునామా రహస్యంగా ఉంచుతారు. వకీలు కావాలంటే దారి చూపిస్తారు. ప్రాణరక్షణకు అవసరమైన ఇలాంటి సేవలకు వీసా ఏమిటన్నది అడ్డం కాదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. భర్త చూసే ఫోనునుంచి, కంప్యూటరునుంచి చేయకపోవడం మంచిది. గుడి ఆఫీసులో ఫోను ఉంది.

విడిచి వెళ్ళే సమయమే అన్నిటికంటే ప్రమాదమైన సమయమని ఈ పనిలో ఉన్నవారందరూ చెబుతారు. అదుపు జారిపోతోందని అవతలి మనిషికి తెలిసేది అప్పుడే. ఆ కవరు అతని చేతిలో పెట్టడం ద్వారా మేము చెప్పింది సరిగ్గా అదే, "మీ ఆవిడ వెళ్ళడానికి సిద్ధపడుతోంది" అని.

ప్రమాదం కళ్ళముందు ఉంటే 911. దెబ్బల ఆనవాళ్ళు కనిపిస్తే న్యూజెర్సీలో పోలీసులు అరెస్టు చేసి తీరాలి, ఆమె వద్దన్నా సరే. అందుకే, "ఆవిడే కేసు పెట్టింది" అని తరువాత అత్తవారు అనడంలో అర్థం లేదు. తాత్కాలిక రక్షణ ఉత్తర్వును పగలు కుటుంబ న్యాయస్థానంలో, రాత్రులూ సెలవు రోజులూ పోలీసు స్టేషను ద్వారా కోరవచ్చు. పది రోజులలోగా విచారణ పెడతారు, ఇద్దరి మాటా వింటారు. తుది ఉత్తర్వు ఇస్తే దానికి గడువు ఉండదు, న్యాయస్థానం రద్దు చేసేదాకా ఉంటుంది. ఇంకొక సంగతి మాకు తల వంపులు తెచ్చింది. ఇలాంటి కేసులలో పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న విషయం మీద మధ్యవర్తి ముందు కూర్చోమని ఎవరినీ ఆదేశించరాదని ఇక్కడి చట్టమే చెబుతోంది. భయపడేవారిని, భయపెట్టేవారిని ఒకే బల్ల దగ్గర కూర్చోబెడితే అది రాజీ కాదని చట్టానికి తెలిసింది, మాకు తెలియలేదు.

వీసా సంగతికి వస్తే, మనలో ప్రతివారూ సగం ఇమ్మిగ్రేషన్ లాయరే. ఆ సగం జ్ఞానమే ఎక్కువ నష్టం చేస్తోంది. "నువ్వు వెళ్ళిపోతే నిన్ను ఇండియా పంపేస్తారు" అన్న బెదిరింపుకు భర్త అవసరం లేదు, మన అంకుల్సే అనేస్తారు. భర్త పౌరుడైనా, గ్రీన్ కార్డు ఉన్నవాడైనా, హింసకు గురైన భార్య అతని ప్రమేయం లేకుండా, అతనికి తెలియకుండా తన గ్రీన్ కార్డుకు తానే దరఖాస్తు పెట్టుకునే మార్గం 1994 నాటి చట్టంలోనే ఉంది. విడాకులు అయిపోయినా రెండేళ్ళలోపు పెట్టుకోవచ్చు. ఆ దరఖాస్తు సంగతి భర్తకు చెప్పకూడదని అధికారులకు నిషేధం కూడా ఉంది. భర్త హెచ్-1బి మీద ఉండి భార్య హెచ్-4 మీద ఉంటే దారి ఇరుకు, అది దాచనక్కరలేదు. పై మార్గం వర్తించదు. నేరానికి గురై పోలీసులకు సహకరించినవారికి 2000లో తెచ్చిన యు-వీసా ఉంది, కాని ఏడాదికి 10,000 మించి ఇవ్వరు, ఏళ్ళ తరబడి వేచి ఉండాలి. హింసకు గురైన హెచ్-4 భార్యలకు పని అనుమతి ఇవ్వాలని 2005 చట్టంలో వ్రాశారు. దరఖాస్తు ఫారం మాత్రం 2017లోగాని రాలేదు. అందుచేత ఎవరి పరిస్థితి ఏమిటో ఈ కేసులు చూసే వకీలే చెప్పాలి. ప్రసాదం వరుసలో దొరికే సలహా వద్దు.

సెలవులకని ఇండియా తీసుకువెళ్ళి, పాస్‌పోర్టు లాక్కుని, భార్యను అక్కడే వదిలేసి వచ్చిన సంఘటనలు కూడా మన తెలుగు కుటుంబాలలో ఉన్నాయి. అక్కడ ఉన్నవారికి 2005 నాటి గృహహింస చట్టం వర్తిస్తుంది. మహిళా హెల్ప్‌లైను 181. ఢిల్లీలోని జాతీయ మహిళా కమిషన్‌లో ప్రవాస వివాహాల కోసం 2009నుంచి ప్రత్యేక విభాగం ఉంది. పుట్టింటివారు అక్కడ మొదలుపెట్టగలరు.

"అమ్మాయి అబద్ధం చెబితే?" అని ప్రతి సమావేశంలోనూ ఒకరు అడుగుతారు. అడగడం తప్పు కాదు. కాని తేల్చడం మన పని కాదు. అందుకు న్యాయస్థానం ఉంది, అక్కడ ఆయన మాట కూడా వింటారు. నిండు గర్భిణిగా అడవిలో ఏడుస్తున్న సీతమ్మకు వాల్మీకి మహర్షి ముందు ఆశ్రమంలో చోటు ఇచ్చాడు. అయోధ్యకు కబురు పంపి, అసలేం జరిగిందో విచారించి, అప్పుడు కుటీరం చూపించలేదు. సీతమ్మ ఓర్పు గురించి ఆడపిల్లలకు చెప్పేవారు ఆ ఓర్పు ఎలా ముగిసిందో కూడా చెప్పాలి. ఆమె తిరిగి అంతఃపురానికి వెళ్ళలేదు.

దెబ్బలు తినే మగవారు లేరా అంటే ఉన్నారు. కొడుకు, కోడలి ఇంట్లో పిల్లల్ని చూసుకోవడానికి వచ్చి మాట పడుతూ, పాస్‌పోర్టు ఎక్కడుందో తెలియకుండా గడిపే అమ్మమ్మలు, తాతయ్యలు కూడా ఉన్నారు. పైన చెప్పిన నంబర్లు వారికీ పనికివస్తాయి.

పిల్లల కోసమైనా కలిసి ఉండాలి కదా అన్నదానికి మేము వాదన చెప్పం. మన బాలవిహార్ టీచరుగారు చెప్పిన సంగతి ఒకటి చెబుతాం. కుటుంబం బొమ్మ గీయమంటే ఒక బాబు ఇల్లు గీసి, అందులో మంచం క్రింద తనను గీసుకున్నాడు.

ఇప్పుడు మా ముందు ఉన్న కష్టమైన ప్రశ్న వేరే ఉంది. రక్షణ ఉత్తర్వు వచ్చాక ఆ భర్త కూడా మన భక్తుడే. అతనికి దేవుడు లేడని చెప్పే హక్కు మాకు లేదు. అతను వచ్చి, "అంకుల్, ఒక్క మాట చెప్పండి ఆమెతో, నేను మారిపోయానని" అంటాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. నిజంగానే మారి ఉండవచ్చు. మనసు కరుగుతుంది. కాని ఇంకొకరి ద్వారా కబురు పంపడం కూడా ఉత్తర్వును ఉల్లంఘించడమే, ఆ కబురు మోసేది గుడి పెద్దలైనా సరే. దీని మీద మా కమిటీ రెండు సమావేశాలు వాదించుకుంది. చివరికి ఒప్పుకున్నది ఇది. ఏ వేళ దర్శనానికి రావాలో ముందు ఆమె ఎంచుకుంటుంది, అతను మరో వేళ వస్తాడు, మేము ఎవరి కబురూ మోయం. మారాలనుకునే మనిషికి అందుకు తగిన కార్యక్రమాలు కౌంటీలో ఉన్నాయి, వాటి వివరాలు ఇస్తాం. ఈ నిర్ణయం నచ్చక ఒక పెద్దాయన కమిటీనుంచి తప్పుకున్నారు. ఆయన మీద మాకు గౌరవం తగ్గలేదు. నిర్ణయమూ మారలేదు.

కౌంటీ కేంద్రంనుంచి ఒకావిడ వచ్చి మన వాలంటీర్లకు, అర్చకస్వాములకు రెండు శనివారాలు శిక్షణ ఇచ్చారు. ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. తెలుగునుంచి ఇంగ్లీషులోకి మార్చడానికి భర్తను గాని, పిల్లల్ని గాని, గుడి ఆంటీలను గాని పిలవకూడదు. విన్నది ఇంట్లో కూడా చెప్పకూడదు. మా అందరికీ చివరిదే కష్టమనిపించింది. గుడి ఆఫీసులో తాళం వేసే ఒక సొరుగు కేటాయించాం. అందులో పెట్టిన కవరు ఎవరు ఇచ్చారో వారి చేతికే వెళుతుంది. పూర్వం కవరు తీసుకున్న ఆవిడ దగ్గరే ఆ తాళం ఉంటుంది.

ఆడవాళ్ళ రెస్ట్‌రూములో, తలుపు లోపలి వైపున, పైన చెప్పిన నంబర్లు వ్రాసిన కాగితం అంటించాం. క్రింద చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి ఉంచాం, ఎవరికి కావాలంటే వారు ఒకటి చింపుకుని చీర కొంగులో ముడివేసుకోవచ్చు. గుడి గోడ మీద ఇదేమిటని మొదట్లో ఇద్దరు ముగ్గురు అభ్యంతరం చెప్పారు. మొన్న నవరాత్రుల ఏర్పాట్లకని శుభ్రం చేస్తుంటే చూశాం, పన్నెండు ముక్కలలో నాలుగు లేవు. కొత్త కాగితం అంటించాం.